బండి గుంజకపోతే టర్బోనే పోయిందా?

(ఈ వారం ఎపిసోడ్‌లో వినిపించిన మాటలు ఇవి. వినలేని అన్నదమ్ముల కోసం రాసి పెడుతున్నాం. మాట్లాడే పద్ధతి అట్లనే ఉంచాం, అక్కడక్కడా మాత్రం సర్దాం.)



ఈ రోజు టర్బో గురించి మాట్లాడతాను. నేను సైట్ సూపర్‌వైజర్‌ని, మెకానిక్‌ని కాదు. కానీ ఐటీఐలో నాది డీజిల్ మెకానిక్ ట్రేడ్. ఇక్కడికి వచ్చాక సిమెంటు, కడ్డీల పనిలో పడి ఆ చదువు సగం మర్చిపోయాను. ఎందుకు గుర్తు తెచ్చుకోవలసి వచ్చిందో ముందు చెప్తాను, ఎందుకంటే అందులో నా తప్పు కూడా ఉంది.

మా కంపెనీ యార్డు జెద్దాలో, సైట్ తాయిఫ్‌లో. మధ్యలో అల్ హదా ఎక్కుడు. ఆ దారిలో పోయినవాళ్ళకు తెలుసు, మన శ్రీశైలం ఘాట్ దాని ముందు చిన్నపిల్ల. మాకు ఒక డీజిల్ డబుల్ క్యాబిన్ పికప్ ఉంది. ఏ కంపెనీ బండి అన్నది వదిలేయండి, ఈ రోగం ఏ బండికైనా వస్తుంది. ఒకరోజు పొద్దున వెనక షట్టరింగ్ సామాను, లోపల నలుగురు మనుషులు. ఎక్కుడు సగంలో బండి గుంజడం ఆగిపోయింది. ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా 30కి మించి పోవడం లేదు. వెనక కొంచెం నల్ల పొగ, డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు, వెనకున్న బళ్ళన్నీ హారన్లు. డ్రైవర్ మన జగిత్యాల వైపు పిల్లగాడు. ఎట్లనో పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తే కొంచెం దూరం బాగానే పోయింది. మళ్ళీ అదే కథ.

సనయాలో గ్యారేజీకి తీసుకుపోతే కోడ్ చదివి, అయిదు నిమిషాల్లో తీర్పు చెప్పేశారు. "టర్బో ఖలాస్. 3,500 రియాళ్ళు." ఎందుకు పోయిందంటే, డ్రైవర్ ఇంజిన్ వేడి మీదే ఆపేస్తున్నాడట. ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. డ్రైవర్ నిర్లక్ష్యం, నెలకు 350 చొప్పున పది నెలలు జీతంలో కోత. సూపర్‌వైజర్ సంతకం కావాలి అన్నారు. నేను పెట్టాను. బానెట్ ఎత్తి చూడలేదు, పిల్లగాణ్ని ఒక్క మాట అడగలేదు. ఆ రోజు స్లాబ్ పోత ఉంది, తొందర.

రాత్రి వాడు నా రూమ్‌కు వచ్చాడు. గొడవ పెట్టుకోలేదు. ఒకటే అన్నాడు. "అన్నా, నేను ఎక్కుడు ఎక్కినంక ఒక నిమిషం ఆగకుండ ఎన్నడు చావి తియ్యలే. నువ్వు ఐటీఐ చదివినవు గదా, ఒక్కసారి నువ్వన్న చూడు." అంతే. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. శుక్రవారం ఇద్దరం కలిసి బండి తెరిచాం. ఆ రోజు చూసిన వరస మీకు చెప్తాను, ఎందుకంటే ఇదే మాట రేపు మీ మీదికి కూడా రావచ్చు.

అసలు టర్బో ఏం చేస్తుంది?

ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగలో బలం ఉంటుంది. ఆ పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతల ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని గుంజి ఇంజిన్‌లోకి నొక్కుతుంది. నిమిషానికి లక్ష తిరుగుళ్ళు దాటుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్‌లో చల్లారి లోపలికి పోతుంది. గాలి ఎక్కువ పోతే డీజిల్ ఎక్కువ కాలుతుంది, బండి గుంజుతుంది. ఈ నొక్కుడునే బూస్ట్ అంటారు.

ఎంత నొక్కాలో కంప్యూటర్ చెబుతుంది. సరిగ్గా అంత వస్తోందా లేదా అని ఒక ప్రెషర్ సెన్సార్, అంటే మ్యాప్ సెన్సార్, చూసి చెబుతుంది. అడిగిన దానికన్నా చాలా తక్కువ వస్తే అండర్ బూస్ట్, పి0299 కోడ్. ఎక్కువ వస్తే ఓవర్ బూస్ట్, పి0234. రెండింటిలో ఏది వచ్చినా ఇంజిన్‌ను కాపాడుకోవడానికి కంప్యూటర్ బలం తగ్గించేస్తుంది. దాన్నే లింప్ మోడ్ అంటారు. మా బండి ఎక్కుడులో చేసింది అదే. ఆపి స్టార్ట్ చేస్తే కాసేపు బాగుపడ్డట్టు కనిపించేది కూడా అందుకే.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. పి0299 అంటే "టర్బో పోయింది" అని కాదు. "అడిగినంత గాలి రాలేదు" అని మాత్రమే. సైట్‌లో బ్రేకర్ గట్టిగా కొట్టకపోతే మనం ముందు కంప్రెషర్ మారుస్తామా? పైపు ఎక్కడ పోతోందో చూస్తాం, కప్లింగ్ చూస్తాం, వాల్వు చూస్తాం. ఇక్కడా అంతే.

మీ బండిది ఏ రకం?

బూస్ట్‌ను అదుపు చేసే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి వేస్ట్‌గేట్. బూస్ట్ ఎక్కువైతే ఒక చిన్న తలుపు తెరుచుకుని పొగ చక్రాన్ని తప్పించుకుని పక్క నుంచి పోతుంది. పెట్రోల్ టర్బోల్లో, పాత డీజిల్‌లలో ఇదే ఎక్కువ. రెండోది వీజీటీ. చక్రం చుట్టూ చిన్న చిన్న రెక్కలు ఉంటాయి, అవి మూసుకుంటే పొగ వేగంగా తగిలి బూస్ట్ పెరుగుతుంది, తెరుచుకుంటే తగ్గుతుంది. ఇప్పటి డీజిల్ పికప్‌లలో ఎక్కువ ఇదే.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, ఒకే రోగం రెండింటిలో రెండు రకాలుగా కనిపిస్తుంది. వాక్యూమ్‌తో నడిచే వీజీటీలో చాలావాటికి వాక్యూమ్ గుంజితేనే రెక్కలు మూసుకుంటాయి. ఆ గొట్టం పగిలితే రెక్కలు తెరిచే ఉంటాయి, బూస్ట్ రాదు, అండర్ బూస్ట్. అదే ప్రెషర్‌తో తెరుచుకునే వేస్ట్‌గేట్‌లో ఆ ప్రెషర్ తెచ్చే గొట్టం పగిలితే తలుపు తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటుతుంది, ఓవర్ బూస్ట్. గొట్టం అంతే, పగులు అంతే, కోడ్ మాత్రం తిరగబడుతుంది. కొత్త బళ్ళలో కొన్నిటికి గొట్టమే ఉండదు, కరెంటు మోటారే రెక్కలను తిప్పుతుంది. కాబట్టి చేయి పెట్టే ముందు మీ బండిది ఏదో తెలుసుకోండి.

మేం చూసిన వరస

మొదటిది, కోడ్ చెరపొద్దు. కోడ్ వచ్చిన క్షణంలో స్పీడు ఎంత, ఇంజిన్ తిరుగుడు ఎంత, లోడ్ ఎంత అన్నది కంప్యూటర్ దాచి ఉంచుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. చెరిపేస్తే ఆ సాక్ష్యం పోతుంది. ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఇంకో కోడ్ కూడా ఉందా చూడండి. పి0045 ఉంటే అది బూస్ట్ కంట్రోల్ కరెంటు సర్క్యూట్ మాట, వైరు, కనెక్టర్, సాలినాయిడ్ చూడాలి. పి0236 ఉంటే సెన్సార్ చెప్పే లెక్కే అనుమానం. మా బండిలో పి0299 ఒక్కటే ఉంది.

రెండోది, సెన్సార్ నిజం చెబుతోందా? ఇది ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష. చావి ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. అప్పుడు మ్యాప్ సెన్సార్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. జెద్దాలో సముద్రం పక్కన అది 100, 101 కిలోపాస్కల్‌ల దగ్గర ఉండాలి. తాయిఫ్ ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ 81 దగ్గర చూపిస్తుంది. తాయిఫ్‌లో 81 చూసి సెన్సార్ పోయిందని మార్చేయొద్దు. జెద్దాలో 125 చూపిస్తే మాత్రం అప్పుడు సెన్సార్‌నో వైరునో అనుమానించాలి.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. స్కానర్ చూపేది బయటి గాలితో కలిపి. 200 అని కనిపిస్తే అందులో 100 బయటి గాలిదే, టర్బో పెట్టింది మిగతా 100, అంటే సుమారు ఒక బార్. ఇంకొకటి, ఫోన్‌కు కలిపే చవక బ్లూటూత్ ఓబీడీ ముక్కలో మామూలు మ్యాప్ లెక్క 255 దగ్గర ఆగిపోతుంది. ఆ లెక్కకు ఉన్న చోటే అంత. కొన్ని డీజిల్ బళ్ళు దాన్ని దాటుతాయి. కాబట్టి సూది 255లో నిలబడితే కంగారు పడొద్దు.

మూడోది, గాలి వచ్చే దారి. ఎయిర్ ఫిల్టర్ తీశాం. దుమ్ము ఉంది కానీ పూడుకుపోలేదు. మన సైట్లలో ఫిల్టర్‌ను కంప్రెషర్ గన్‌తో దగ్గర పెట్టి కొట్టే అలవాటు ఉంది, దానితో కాగితానికి చిల్లులు పడతాయి. ఆ చిల్లులోంచి పోయే ఇసుక టర్బో రెక్కలను ఆకురాయి లాగా తినేస్తుంది. మార్చేయండి, చవకే.

తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా, అక్కడి నుంచి ఇంజిన్ దాకా పైపులు. లీకు ఉంటే తొక్కినప్పుడు స్‌స్ అని చప్పుడు వస్తుంది. ఎడారి దుమ్ము మనకు చేసే మేలు ఒకటుంది. ఈ పైపుల్లో సన్నటి నూనె పొర ఉండడం మామూలే. గాలి ఎక్కడ లీకైతే అక్కడ ఆ నూనె బయటికి చిమ్ముతుంది, దాని మీద దుమ్ము అతుక్కుంటుంది. నల్లగా, తడిగా, దుమ్ము కొట్టుకున్న జాయింట్ కనిపిస్తే ముందు అక్కడ చూడండి. క్లిప్పు వదులైందేమో, పైపు కింది వైపు చీలిందేమో చేత్తో తడమండి. కంప్రెషర్‌తో గాలి పెట్టి సబ్బు నీళ్ళతో చూడాలంటే రెగ్యులేటర్ తప్పకుండా ఉండాలి, అర బార్ చాలు. టైరుకు పెట్టినంత గాలి పెడితే పైపు ఎగిరి ముఖానికి కొడుతుంది. మా పైపులు బాగానే ఉన్నాయి.

నాలుగోది, రాడ్ కదులుతోందా? ఇదే అసలు పరీక్ష. ఒకరు లోపల కూర్చోండి, ఒకరు టర్బో మీది యాక్చువేటర్ రాడ్‌ను టార్చి వేసి చూడండి. వాక్యూమ్ వీజీటీ ఉన్న చాలా బళ్ళలో స్టార్ట్ చేయగానే రాడ్ లోపలికి గుంజుకుంటుంది, ఆపగానే వదులుతుంది. బెల్టుకు, ఫ్యానుకు చేతులు, చొక్కా దూరం ఉంచండి, వేడి టర్బోను ముట్టుకోకండి. వాడు స్టార్ట్ చేశాడు. రాడ్ కొంచెం వణికింది, ఆగిపోయింది. లోపలికి పోలేదు.

అప్పుడు నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, లోపల రెక్కలు మసి పట్టి బిగుసుకున్నాయి. అట్లయితే గ్యారేజీ మాట సగం నిజం. రెండోది, రాడ్ బాగానే ఉంది కానీ దాన్ని గుంజే వాక్యూమ్ రావడం లేదు. ఈ రెండింటినీ విడదీసే సామాను ఒక్కటే, చేతి వాక్యూమ్ పంపు. పక్క సైట్ ప్లాంట్ మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్నాం. ఇంజిన్ ఆపి, యాక్చువేటర్ గొట్టం పీకి, పంపును నేరుగా యాక్చువేటర్‌కే పెట్టాను. 20 ఇంచుల దాకా గుంజాను.

రాడ్ మెత్తగా, ఎక్కడా పట్టుకోకుండా, చివరి దాకా పోయింది. సూది కూడా దిగలేదు, అంటే లోపలి రబ్బరు పొర బాగుంది. వదిలితే వెనక్కి వచ్చింది. నాలుగైదు సార్లు చేశాను. పిల్లగాడు నా ముఖం చూస్తున్నాడు. "ఏమైందన్నా?" అన్నాడు. "రెక్కలు ఆడుతున్నయ్‌రా" అన్నాను.

ఇంజిన్ బాగా చల్లారాక గాలి పైపు విప్పి ఇరుసు కూడా చూశాం. వేళ్ళతో పట్టి పక్కకు ఆడిస్తే కొంచెం ఆడుతుంది, అది మామూలే, అక్కడ నూనె పొరకు చోటు కావాలి. ముందుకూ వెనక్కూ ఆడొద్దు, రెక్కలు గోడకు రాసుకోవద్దు, రెక్కల అంచులు తిని ఉండొద్దు, నూనె మడుగు ఉండొద్దు. మా టర్బోలో ఏ లోపమూ లేదు. చేత్తో తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. ఇంజిన్ వేడి మీద ఆపేసి కాల్చుకున్న టర్బో అట్ల తిరగదు.

ఇక గొట్టం దారి పట్టుకుని వెనక్కి పోయాం. వాక్యూమ్ పంపు నుంచి సాలినాయిడ్, సాలినాయిడ్ నుంచి యాక్చువేటర్. పంపు నుంచి వచ్చే గొట్టంలో 25 ఇంచుల దగ్గర వస్తోంది, అది బాగుంది. సాలినాయిడ్ రెండు పిన్నుల మధ్య మీటర్ పెడితే 14 ఓమ్‌లు. చాలావాటికి 10 నుంచి 30 మధ్య ఉంటుంది, మీ బండి లెక్క మాన్యువల్‌లో చూసుకోండి. సాలినాయిడ్‌కు గాలి పీల్చే చిన్న రంధ్రం, కొన్నిటికి దాని మీద వేలి గోరంత ఫిల్టర్ ఉంటుంది. అది దుమ్ముతో పూడితే వాక్యూమ్ లోపలే ఉండిపోయి ఓవర్ బూస్ట్ వస్తుంది. గల్ఫ్‌లో దాన్ని మరవొద్దు.

చివరికి సాలినాయిడ్ నుంచి యాక్చువేటర్‌కు పోయే గొట్టం. ఒక కొసకు బోల్టు పెట్టి మూసి, ఇంకో కొసకు పంపు పెట్టాను. సూది లేవనే లేదు. చూస్తే ఎక్కడా ఏమీ కనిపించదు. వంచి చూస్తే, టర్బో దగ్గరి కొసలో కింది వైపు, ఎప్పటి నుంచో వేడికి ఎండి కర్రలా గట్టిపడి, అంగుళం పొడుగు పగులు. వంచితే నోరు తెరుస్తుంది, వదిలితే మూసుకుంటుంది.

కొత్త వాక్యూమ్ గొట్టం ఒక మీటరు 15 రియాళ్ళు. వేడి తగలకుండా కొంచెం దూరంగా తిప్పి కట్టాం. మళ్ళీ అదే ఎక్కుడుకు పోయాం, ఈసారి స్కానర్ పెట్టుకుని. గ్యారేజీ కాగితంలో కంప్యూటర్ అడిగింది 200, వచ్చింది 130. ఇప్పుడు అడిగింది 210, వచ్చింది 205. పిల్లగాడు మూడో గేరులో తొక్కుతూ నవ్వుతున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఆఫీసులో నా సంతకం ఇంకా అట్లనే ఉంది.

ఓవర్ బూస్ట్ వస్తే ఎట్ల?

మా బండిది కాకపోయినా ఒక మాట చెప్తాను. వీజీటీలో పి0234 వస్తే, ముఖ్యంగా పొడుగు ఎక్కుడులోనో, హైవేలో ఓవర్‌టేక్ చేస్తున్నప్పుడో వస్తే, రెక్కలు మూసిన చోటే పట్టుకుంటున్నాయేమో చూడాలి. ఎప్పుడూ క్యాంపు చుట్టూ నెమ్మదిగా తిరిగే బళ్ళకు మసి ఎక్కువ పడుతుంది. చేతి పంపు పెడితే రాడ్ ఆగి ఆగి కదులుతుంది. అప్పుడు విప్పి శుభ్రం చేయించడం గ్యారేజీ పని. కొందరు రాడ్ మీది నట్టు తిప్పి "సరి చేశాం" అంటారు. ఆ నట్టు ఫ్యాక్టరీలో లెక్క పెట్టి బిగించింది, ముట్టనివ్వకండి. గుంజాలని వేస్ట్‌గేట్ గొట్టం పీకేసే తెలివి కూడా చూశాను, దానికి ఇంజినే బలి అవుతుంది.

టర్బో నిజంగా పోవడం కూడా ఉంటుంది. నీలం పొగ, ఇంజిన్ ఆయిల్ తగ్గిపోవడం, సైరన్ లాంటి కూత, ఇరుసు ఆట, ఇవి ఉంటే ఒప్పుకోవాలి. అప్పుడు కూడా ఎందుకు పోయిందో అడగండి. ఆయిల్ మార్చే తేదీ దాటిందా, ఫిల్టర్ చిల్లా, ఆయిల్ పైపు పూడిందా? కారణం చూడకుండా కొత్త టర్బో పెడితే అది కూడా పోతుంది. ఎక్కుడు ఎక్కాకో, లోడ్‌తో వేగంగా వచ్చాకో ఒక నిమిషం ఖాళీగా తిరగనిచ్చి ఆపడం మంచి అలవాటే, అది మానకండి.

కాగితం సంగతి

పగిలిన గొట్టం, 15 రియాళ్ళ బిల్లు, ముందు తర్వాత స్కానర్ ఫోటోలు, అన్నీ పెట్టి రెండో రిపోర్టు రాశాను. అందులో మొదటి వాక్యం, "నా మొదటి రిపోర్టు తప్పు, నేను బండి చూడకుండా సంతకం చేశాను" అని. ముదీర్ కోప్పడ్డాడు. సూపర్‌వైజర్ రెండు మాటలు మాట్లాడితే ఎట్లా అన్నాడు. నా అప్రైజల్‌లో అది పడింది కూడా. అప్పటికే పిల్లగాడి జీతంలో ఒక నెల 350 కోసేశారు. అది తిరిగి రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ 350 వాళ్ళ అమ్మ మందులకు పంపేదట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

డ్రైవర్ తమ్ముళ్ళకు నేను చెప్పేది ఇది. లైటు వెలిగిన రోజే డ్యాష్‌బోర్డు ఫోటో తీయండి. తేదీ, ఎక్కడ, ఎంత లోడ్, ఎట్ల పోయింది, ఒక నోటుబుక్‌లో రాసుకోండి. వాట్సాప్‌లో సూపర్‌వైజర్‌కు అప్పుడే పంపండి. "టర్బో పోయింది" అంటే "రాడ్ పరీక్ష చేశారా, గొట్టం చూశారా, ఇరుసు ఆట చూపించండి" అని అడగండి. పాత పార్టు చూపించమనండి. అరబీలోనో ఇంగ్లీషులోనో ఉన్న కాగితం ఎవరితోనైనా చదివించుకోకుండా సంతకం పెట్టకండి.

ఇక నాలాంటి ఫోర్‌మన్‌లకు, సూపర్‌వైజర్లకు. కాంక్రీటు పోసే ముందు కడ్డీ లెక్క పెట్టకుండా మనం చెక్‌లిస్టు మీద సంతకం పెడతామా? పెట్టం. మనిషి జీతం మీద పెట్టే సంతకం దానికన్నా తేలికైందేమీ కాదు. బానెట్ ఎత్తడానికి ఒక్క శుక్రవారం పట్టింది నాకు. సంతకం ముందు ఎత్తి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఆ గొట్టం ముక్క నా టూల్ బాక్సులో ఇప్పటికీ ఉంది. మీ బండిది ఏదైనా ఇట్లాంటి కథ ఉంటే వాయిస్ మెసేజ్ పంపండి, వచ్చేసారి మాట్లాడుకుందాం. ఎండలో జాగ్రత్త, నీళ్ళు తాగుతుండండి. ఉంటాను.